అక్కడ సైరన్ మోగుతుంటే ఇక్కడి నుంచి "గేమ్ ఆడదామా" అని అడగొచ్చా? నా అనుభవం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. ఉక్రెయిన్ లో ఉన్న ఫ్రెండ్ తో మూడేళ్ళుగా డోటా (ఆన్‌లైన్ లో అయిదుగురేసి రెండు జట్లుగా, ఒక్కొక్కరూ ఒక హీరోని నడిపిస్తూ ఆడే గేమ్) ఆడుతున్నావు, ఈమధ్య అతను సరిగ్గా ఆన్‌లైన్ కి రావట్లేదు, వచ్చినా ముభావంగా ఉంటున్నాడు, "అన్నా, వాళ్ళ మీద బాంబులు పడుతుంటే నేను ఇక్కడ హాయిగా ఉండి గేమ్ ఆడదాం రా అని పిలవడం తప్పా, అసలేం మాట్లాడాలి, డబ్బులేమన్నా పంపాలా" అని అడిగావు. తప్పు కాదు, పిలువు. ఎలా పిలవాలి, పిలిచాక ఎలా ఉండాలి అన్నదే అసలు సంగతి, నాకు తెలిసినంత చెప్తా, కొంచెం పెద్దగా ఉంటది, ఓపిగ్గా చదువు.

నాకెలా తెలుసంటే, నేను 2017 లో ఎంబీబీఎస్ కి ఉక్రెయిన్ లోని ఖార్కివ్ వెళ్ళాను. నౌకోవా మెట్రో దగ్గర ఉండేవాళ్ళం. రెండో ఏడు చలికాలంలో ఒక కంప్యూటర్ క్లబ్ లో లోకల్ కుర్రాడొకడు పరిచయమయ్యాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద, సాల్తివ్కా ఏరియా. అప్పటికి నా రష్యన్ అంతంత మాత్రం, వాడి ఇంగ్లీషు అంతంత మాత్రం, డోటా మాత్రం ఇద్దరికీ వచ్చు. అక్కడ డోటా అంటే మనకి క్రికెట్ లాగా. కీవ్ టీమ్ నావి 2011 లో జర్మనీలో మొట్టమొదటి ఇంటర్నేషనల్, అంటే డోటా ప్రపంచ పోటీ, గెలిచి పది లక్షల డాలర్లు తెచ్చుకుంది, మనకి అదే ఏడు ధోనీ సిక్స్ ఎలాగో వాళ్ళకి అది అలాగ, ఆ మ్యాచ్ లు వాడికి ఇప్పటికీ నోటికొచ్చు. అలా మొదలైన స్నేహం, వాళ్ళ బామ్మ చేసిన బోర్ష్ (బీట్‌రూట్ సూప్) తినడం దాకా, నేను ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ వాళ్ళింట్లో బ్రెడ్ మీద రాసుకునే దాకా వెళ్ళింది.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. మేం బేస్‌మెంట్ లో, వాడు వాళ్ళ అమ్మా బామ్మతో వాళ్ళ బిల్డింగ్ కింద, తర్వాత మెట్రో స్టేషన్ లో. మార్చి 1 న ఫ్రీడమ్ స్క్వేర్ లో ప్రభుత్వ భవనం మీద మిసైల్ పడింది, అదే రోజు సరుకుల కోసం బయటికెళ్ళిన కర్ణాటక కుర్రాడొకడు చనిపోయాడు. మర్నాడు ఎంబసీ వాళ్ళు సాయంత్రం ఆరు లోపు ఎలాగైనా ఖార్కివ్ వదిలేసి ఊరి బయటున్న పిసోచిన్ వైపు వెళ్ళండి అన్నారు, నడిచాం. నేను నడుస్తుంటే వాడు మెట్రోలోంచి మెసేజ్ పెట్టాడు, ఏ రోడ్డు మీద వెళ్ళాలో, ఎక్కడ ఎడమకి తిరగాలో. నేను ఇంటికొచ్చేశాను, ఆపరేషన్ గంగ విమానంలో. వాడు అక్కడే ఉండిపోయాడు. ఈ తేడా మా మధ్య ఎప్పుడూ ఉంటది, అందుకే నీ ప్రశ్నలో "నేను ఇక్కడ హాయిగా ఉండి" అన్న మాట నాకు బాగా అర్థమైంది.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి తప్పు చెప్తా, నువ్వు చెయ్యకు. రోజూ న్యూస్ చూసి లింకులు పంపేవాణ్ణి. "ఇది మీ దగ్గరేనా", "ఈ బిల్డింగ్ తెలుసా", "మీకేం కాలేదు కదా" అని. నాకు అది ప్రేమే. వాడు ఒక్కో ముక్కలో జవాబిచ్చేవాడు, తర్వాత జవాబివ్వడం మానేశాడు. ఎందుకో నాకు ఊళ్ళో మా బంధువులింట్లో ఒకాయన పోయినప్పుడు తెలిసింది. చావింటికి పరామర్శకి వచ్చిన ప్రతి ఒక్కరూ "ఎట్లా జరిగిందమ్మా" అనే అడుగుతారు, పాపం ఆవిడ పొద్దున్నుంచి ఇరవైసార్లు అదే కథ చెప్తా ఉంటది, చెప్పిన ప్రతిసారీ మళ్ళీ ఏడుపు. వీళ్ళందరి మధ్యలో ఎవరో ఒక పిన్ని ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి పక్కన కూచుంటది. నువ్వు మీ ఫ్రెండ్ కి ఆ పిన్ని అవ్వాలి. గేమ్ ఆ కాఫీ. ఇంతకంటే నాకు వేరేలా చెప్పడం రాదు.

ఖార్కివ్ మెట్రో 2022 మే 24 న మళ్ళీ నడవడం మొదలెట్టింది, అప్పటిదాకా స్టేషన్లలో, నిలబెట్టిన రైలు పెట్టెల్లో జనం పడుకునేవాళ్ళు. వీళ్ళు కూడా ఇంటికి, అంటే సగం కిటికీలకి చెక్కలు కొట్టిన ఇంటికి, వెళ్ళారు. తర్వాత కొన్ని రోజులకి ఒక రాత్రి వాడి నుంచి ఒకే మాట, "డోటా?" అని. నేను డ్యూటీకి పోవాల్సినవాణ్ణి, మా కొలీగ్ ని బతిమాలుకుని కూచున్నా. ఆ గేమ్ లో వాడు యుద్ధం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, నేను వార్డ్ (గేమ్ లో అవతలి జట్టు కదలికలు కనపడటానికి పెట్టేది) పెట్టలేదని నన్ను క్లబ్ లో తిట్టినట్టే అదే తిట్టు తిట్టాడు. ఆ తిట్టు వినగానే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

కాబట్టి మొదటిది, నువ్వు పిలిచేటప్పుడు అలా పిలువు. "ఎలా ఉన్నావ్, అంతా ఓకేనా, నీ గురించి చాలా బెంగగా ఉంది, నీకిష్టమైతేనే, ఇబ్బంది అయితే వద్దులే" అని పేరాగ్రాఫ్ రాస్తే దానికి జవాబివ్వడమే అతనికి ఒక పని అవుద్ది. "శనివారం మీ టైమ్ తొమ్మిదికి నేను ఆన్‌లైన్ లో ఉంటా, వస్తే ఆడదాం" అని పెట్టు. రాకపోయినా ఏం అనకు, పై శనివారం మళ్ళీ అదే టైమ్ కి ఉండు. వాళ్ళ బతుకులో ఏదీ అనుకున్న టైమ్ కి జరగదు, కరెంట్ రాదు, బస్సు రాదు, రాత్రి నిద్ర గ్యారంటీ లేదు, అందులో శనివారం తొమ్మిదికి ఒకడు ఖచ్చితంగా ఉంటాడు అన్నది చాలా పెద్ద విషయం, నేను దీన్ని కళ్ళారా చూశా. వాళ్ళ తొమ్మిది అంటే మనకి చలికాలంలో రాత్రి పన్నెండున్నర, ఎండాకాలంలో పదకొండున్నర, అది చూసుకో. పొద్దున్నే కాలేజీ ఉంటే ఎనిమిది అని చెప్పు, కానీ చెప్పాక తప్పకు. వారానికి రెండు రోజులు అని మొదలెట్టి నెలకి మానేసే కంటే నెలకి రెండుసార్లు అని చెప్పి ఏడాది పాటు ఉండటం మేలు.

"తి యాక్" అని ఉక్రేనియన్ లో ఒక మాట ఉంది, "నువ్వెలా ఉన్నావ్" అని. ఆ దేశంలో మానసిక ఆరోగ్యం ప్రోగ్రామ్ కి కూడా అదే పేరు పెట్టారు. నేను గేమ్ ముందు ఆ రెండు మాటలు మాత్రం అనేవాణ్ణి. వాడు "నార్మాల్నో" (పర్లేదు) అంటే సరే హీరో పిక్ చెయ్ అనేవాణ్ణి, వాడు నిట్టూరిస్తే ఆగేవాణ్ణి. అంతవరకే. ఇంకో సంగతి, నాకొచ్చింది రష్యన్, ఖార్కివ్ లో అంతా అదే మాట్లాడేవాళ్ళు, యుద్ధం మొదలయ్యాక వాడు మెల్లగా ఉక్రేనియన్ కి మారాడు, నేనూ గేమ్ కి కావాల్సినన్ని మాటలు నేర్చుకున్నా. "వెనక్కి రా", "ఆగు", "భలే కొట్టావ్", "థాంక్స్", ఒక పాతిక మాటలు ఉంటాయేమో. నువ్వు ఇంగ్లీషులోనే ఆడుతుంటే కూడా ఓ పది నేర్చుకో, వాళ్ళకి అది ఎంత తాకుతుందో నువ్వే చూస్తావ్.

ఇప్పుడు ఆట సంగతికి వద్దాం, ఇక్కడ చాలామంది ఆలోచించరు. 2022 అక్టోబర్ 10 నుంచి రష్యా వాళ్ళ కరెంట్ వ్యవస్థ మీద పెద్ద ఎత్తున మిసైళ్ళు వెయ్యడం మొదలెట్టింది, అప్పటి నుంచి అక్కడ ఆట కూడా కరెంట్ కోత షెడ్యూల్ ని బట్టే. మావాడు రూటర్ కి చిన్న బ్యాటరీ తగిలించాడు, వాళ్ళది మన ఇళ్ళకొచ్చే ఫైబర్ లాంటి కనెక్షనే, మధ్యలో కరెంట్ అక్కర్లేని రకం, అందుకని ఇంట్లో ఉండే ఫైబర్ డబ్బాకి, రూటర్ కి కరెంట్ ఇస్తే నెట్ వస్తది, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఉన్నంతసేపు ఆట. అందుకే మేం మామూలు మ్యాచ్ మానేసి టర్బో, అంటే త్వరగా అయ్యే రకం, ఆడేవాళ్ళం, ఇరవై, పాతిక నిమిషాల్లో అయిపోద్ది. ర్యాంక్డ్ (ర్యాంక్ కోసం ఆడే మ్యాచ్) మాత్రం అస్సలొద్దు. అయిదు నిమిషాలు డిస్‌కనెక్ట్ అయితే డోటా ఏ మ్యాచ్ లోనైనా అబాండన్ (మధ్యలో వదిలేశాడన్న మచ్చ) వేసేస్తుంది, అలా జరుగుతూ ఉంటే లో ప్రయారిటీ అనే శిక్ష, పైగా మిగతా నలుగురు చాట్ లో బూతులు. సైరన్ మోగి బేస్‌మెంట్ కి పోయిన మనిషికి తిరిగొచ్చాక శిక్ష పడి ఉండటం ఏమన్నా బాగుంటుందా. యూరప్ సర్వర్లలో ఉక్రెయిన్ వాడని తెలిసి కావాలని పిచ్చి రాతలు రాసేవాళ్ళు కూడా తగులుతారు, లోడ్ అవ్వగానే అందర్నీ మ్యూట్ చేసేయండి, ఇద్దరూ.

ఇంకోటి, యూరప్ సర్వర్ లోనే ఆడు, పింగ్ (నెట్ లో వచ్చే ఆలస్యం) నువ్వు తీసుకో. నాకు ఇక్కడి నుంచి 150 మిల్లీసెకన్లు దాటేది, హీరో నత్తలా నడిచేవాడు, పర్లేదు. అతని నెట్ ఎప్పుడు పోద్దో తెలియనప్పుడు ఆ భారం కూడా అతని మీద వెయ్యడం న్యాయం కాదు. అలాగని జాలిపడి కావాలని ఓడిపోవద్దు, ఈజీగా వదలొద్దు. ఒకసారి నేను అలా చేశా, వాడు పట్టేశాడు, రెండు వారాలు నాతో ఆడలేదు. "అందరూ నన్ను రోగిలాగా చూస్తున్నారు, నువ్వు కూడానా" అన్నాడు. ఆ మాట ఇంకా నాకు గుచ్చుకుంటూనే ఉంటది.

బాగా కష్టంగా ఉన్న రోజుల్లో మేం ప్రైవేట్ లాబీ పెట్టుకుని బాట్స్ తో, అంటే కంప్యూటర్ నడిపే ఆటగాళ్ళతో, ఆడేవాళ్ళం, ఎందుకంటే అక్కడ ఎంతసేపైనా పాజ్ పెట్టొచ్చు. ఒక రాత్రి సంగతి చెప్తా. ఖార్కివ్ రష్యా బోర్డర్ కి ముప్పై, నలభై కిలోమీటర్లు, అంత దగ్గర నుంచి వేసేవి నిమిషం లోపే వచ్చి పడతాయి, చాలాసార్లు ముందు పేలుడు వినపడి తర్వాత సైరన్ మోగుద్ది. ఆ రాత్రి వాడి మైక్ లోంచి తలుపు గట్టిగా వేసినట్టు ఒక శబ్దం, వాడు "సెకండ్" అన్నాడు, కుర్చీ జరిపిన చప్పుడు, అంతే. నేను పాజ్ కొట్టాను. మైక్ ఆన్ లోనే ఉంది. వాళ్ళు రెండు గోడల రూల్ అంటారు, బయటికీ నీకూ మధ్య కనీసం రెండు గోడలుండాలి, అందుకని కిటికీల్లేని కారిడార్ లో కూచుంటారు. నాకు దూరంగా వాళ్ళ బామ్మ దగ్గు వినిపిస్తోంది, పిల్లి అరుస్తోంది, వాళ్ళమ్మ ఏదో లెక్కపెడుతున్నట్టు మెల్లగా మాట్లాడుతోంది. స్క్రీన్ మీద వాడి హీరో నది మధ్యలో కాలెత్తి ఆగిపోయి ఉన్నాడు. పదిహేడు నిమిషాలు. నేను "హలో, ఉన్నావా" అని అరవలేదు, కాల్ కట్ చెయ్యలేదు, ఫోన్ లో న్యూస్ తెరవలేదు, తెరిస్తే నా గొంతు మారిపోద్దని తెలుసు. వాడు వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుని ఊపిరి తీసుకుని అన్న మొదటి మాట, "మిడ్ టవర్ ఉందా?" ఉంది అన్నాను. అన్‌పాజ్ చేశాం. ఏం జరిగిందని నేను అడగలేదు. గేమ్ అయ్యాక, బయటికెళ్ళే ముందు, వాడే చెప్పాడు, రెండు వీధుల అవతల అని. నేను వింటూ కూచున్నా.

అడక్కుండా ఉంటే పట్టించుకోనట్టు కాదా అని నీకు అనిపిస్తది. కాదు. నేను సైకియాట్రిస్ట్ ని కాదు, మామూలు డ్యూటీ డాక్టర్ని, కానీ డబ్ల్యూహెచ్‌ఓ 2011 లో ఇలాంటి విపత్తుల్లో ఉన్నవాళ్ళకి మొదట ఎలా తోడుండాలో సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ అని ఒక గైడ్ ఇచ్చింది, అందులో ఉన్నది మూడే, చూడు, విను, కావాల్సినచోటికి కలుపు. బలవంతంగా కథ చెప్పించొద్దు అని గట్టిగా ఉంటది. గేమ్ కి ఇక్కడో మంచి గుణం ఉంది, ఇద్దరి కళ్ళూ స్క్రీన్ మీదే ఉంటాయి, ఎదురెదురు కూచుని చెప్పలేని మాట అక్కడ పక్కకి జారినట్టు వచ్చేస్తది. మావాడు వాళ్ళ క్లాస్‌మేట్ పోయిన సంగతి గేమ్ లో జంగిల్ క్యాంపులు (మృగాల గుంపులు) కొడుతూ చెప్పాడు, చెప్తూనే కొడుతున్నాడు. నేనూ పక్క క్యాంప్ కొడుతూ విన్నాను. ఆగి "అయ్యో" అని పెద్దగా అంటే అక్కడితో ఆపేసేవాడు.

టెట్రిస్ ఆడితే చేదు జ్ఞాపకాలు పోతాయట కదా అని కూడా రాశావు. దాని వెనక నిజం ఉంది కానీ దాన్ని సాగదీసి చెప్తున్నారు. 2017 లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ స్టడీలో రోడ్డు ప్రమాదమై ఆస్పత్రికొచ్చిన 71 మందిలో కొందరికి ఆరు గంటల లోపు, ఆ ఘటనని ఒకసారి గుర్తు చేయించి టెట్రిస్ ఆడించారు, వాళ్ళకి తర్వాత వారంలో ఆ దృశ్యాలు కళ్ళముందుకి రావడం తగ్గింది. అది ఒక్కసారి జరిగిన ప్రమాదం, ఆస్పత్రిలో పద్ధతి ప్రకారం చేసింది. రోజూ రాత్రి డ్రోన్లు తిరిగే ఊళ్ళో ఉన్నవాడికి అదే పని చేస్తుందని నేను చెప్పను, నువ్వూ చెప్పకు. నువ్వు ట్రీట్‌మెంట్ ఇవ్వట్లేదు, తోడుంటున్నావ్.

షూటింగ్ గేమ్స్ ఆడొచ్చా అంటే, అతన్నే అడుగు, నువ్వు నిర్ణయించకు. మావాడికి సీఎస్ (కౌంటర్-స్ట్రైక్) తో ఏ ఇబ్బందీ లేదు, తుపాకీ చప్పుడు వాడికి ఆట చప్పుడే. పబ్జీలో మాత్రం రెడ్ జోన్ లో బాంబులు పడే శబ్దం వచ్చిన మొదటిసారే గేమ్ మూసేశాడు, మళ్ళీ తెరవలేదు. వేరేవాళ్ళకి దీనికి ఉల్టా కూడా ఉండొచ్చు. ఇంకా ముఖ్యం హెడ్‌ఫోన్స్, రెండు చెవులూ మూసుకుంటే సైరన్ వినపడదు, కాబట్టి అతను ఒక చెవి తీసేసి ఆడుతుంటే "సరిగ్గా వినట్లేదేంటి" అని విసుక్కోకు. మైక్ లో నువ్వు ఒక్కసారిగా అరవడం కూడా మానుకో, మనవాళ్ళకి కిల్ పడితే కేకలేసే అలవాటు కదా.

డబ్బుల సంగతి క్లుప్తంగా. ఒక్కసారి సూటిగా అడుగు, "ఏదన్నా అవసరమైతే నాకు చెప్పు, నేను ఇంత దాకా ఇవ్వగలను" అని, అంకె చెప్పి మరీ. వద్దంటే మళ్ళీ మళ్ళీ అడగొద్దు, దానివల్ల ఇద్దరి మధ్య సమానం పోద్ది. అకస్మాత్తుగా అతని అకౌంట్ నుంచే "అర్జెంట్ గా డబ్బు పంపు" అని మెసేజ్ వస్తే ముందు గొంతు విను, టెలిగ్రామ్, స్టీమ్ (గేమ్స్ కొనుక్కునే యాప్) అకౌంట్లు హ్యాక్ చేసి ఇలా అడగడం మామూలైపోయింది. గేమ్ గిఫ్ట్ చేద్దామంటే ఇండియా ధరకీ వాళ్ళ ధరకీ తేడా ఎక్కువుంటే స్టీమ్ వెళ్ళనివ్వదు, డబ్బు కట్టే ముందు చూసుకో.

ఒక రోజు అతను నిన్ను నిలదీస్తాడు, దానికి సిద్ధంగా ఉండు. "మీ దేశం రష్యా దగ్గర ఆయిల్ ఎందుకు కొంటుంది" అని. నన్ను 2023 లో అడిగాడు, మ్యాచ్ మధ్యలో, మామూలు గొంతుతో. నేను మన విదేశాంగ విధానం మొత్తం వివరించబోయాను, ధరలూ, అవసరాలూ అంటూ, వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇప్పుడైతే అలా చెయ్యను. "నీకు కోపం రావడం నాకు అర్థమైంది, ఆ నిర్ణయం నా చేతిలో లేదు, నేను మాత్రం నీతో ఉన్నా" అని నిజం చెప్పి ఊరుకుంటా. రెండు వైపులా తప్పుంది లాంటి మాటలు మన టీవీ డిబేట్ లో వినొచ్చు, కిటికీకి చెక్క కొట్టుకుని పడుకునే మనిషి దగ్గర అనొద్దు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. అతను గేమ్ లో పోగేసుకున్న తన స్కిన్స్, ఐటెమ్స్ అన్నీ నీకు పంపడం మొదలెడితే, "నా అకౌంట్ నువ్వుంచుకో, నాకింక అక్కర్లేదు" అంటే, వెళ్ళొస్తానన్నట్టు థాంక్స్ చెప్తుంటే, దాన్ని మంచితనం అనుకుని తీసుకోకు. మన హాబీలో చనిపోవాలనే ఆలోచన ఇలా కూడా కనపడొచ్చు. అప్పుడు గేమ్ ఆపేసి సూటిగా అడుగు, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, అది భయం మాత్రమే. ఉక్రెయిన్ లో లైఫ్‌లైన్ 7333 అని నంబర్ ఉంది, అది ముందే నీ దగ్గర రాసుకుని పెట్టుకో, అతని ఇంట్లో ఇంకొకరి నంబర్ కూడా తీసుకుని ఉంచుకో. నా దగ్గర వాళ్ళమ్మ నంబర్ ఉంది, మూడేళ్ళలో ఒక్కసారే వాడాను, వాడినందుకు మంచే జరిగింది.

నువ్వు కూడా మనిషివే, అది మర్చిపోకు. నేను మొదట్లో ఖార్కివ్ కి ఎయిర్ అలర్ట్ యాప్ పెట్టుకున్నా, ఇక్కడ వార్డ్ లో రౌండ్స్ లో ఉండగా నా జేబులో సైరన్ మోగేది. అక్కడ అలర్ట్ రోజులో సగం ఉంటది, దాన్ని నువ్వు మోస్తే అతనికి పైసా ఉపయోగం లేదు, నీకు నిద్ర పోద్ది. తీసేశాను. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే మనకి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, సిగ్గుపడకు.

కరెంట్ అసలే లేకపోతే ఆడటం ఎలా అన్నదానికి రెండు సంగతులు. 2024 మార్చి 22 న ఖార్కివ్ పవర్ ప్లాంట్లు కొట్టేశారు, ఊరంతా చీకటి. తొమ్మిది రోజులకి, మార్చి 31 న, కోపెన్‌హేగెన్ లో సీఎస్ మేజర్ ఫైనల్, నావి ఆడుతోంది. వాడి దగ్గర ఫోన్ లో కొంచెం ఛార్జింగ్, వీడియో రాని నెట్. నేను ఇక్కడ మ్యాచ్ చూస్తూ టెలిగ్రామ్ లో రౌండ్ రౌండ్ టైప్ చేసి పంపాను, మా చిన్నప్పుడు నాన్నగారు రేడియోలో కామెంటరీ విని వీధి అరుగు మీద వాళ్ళకి స్కోర్ చెప్పేవారు, అచ్చం అలాగే. నావి 2-1 గెలిచింది. వాడు ఒక వాయిస్ పంపాడు, మాటల్లేవు, చీకటి మెట్ల మీద వాళ్ళ పక్కింటి వాళ్ళందరి కేకలు.

రెండోది చదరంగం. లిచెస్ అనే చెస్ సైట్ లో టైమ్ లిమిట్ లేకుండా కూడా గేమ్ పెట్టుకోవచ్చు, ఫ్రీ, డేటా దాదాపు అవ్వదు, వీలున్నప్పుడు ఒక ఎత్తు వేసి వెళ్ళిపోవచ్చు. మా ఇద్దరికీ చెస్ పిచ్చి 2022 ఆగస్టులో పట్టింది, మన చెన్నై దగ్గర మహాబలిపురంలో ఒలింపియాడ్ జరిగినప్పుడు. ఆ యుద్ధంలోంచి వచ్చి ఉక్రెయిన్ అమ్మాయిలు గోల్డ్ కొట్టారు, ఆ టీమ్ లో ఉషెనినా వాడి ఊరావిడే, ఖార్కివ్. మన హంపి, హారిక ఉన్న టీమ్ కి బ్రాంజ్. వాడు నాకు కంగ్రాట్స్ చెప్పాడు, నేను వాడికి చెప్పాను, ఆ నెలలో మేం నవ్విన రోజు అదొక్కటే అనుకుంటా.

ఆ చదరంగం తర్వాత ఇంకా పనికొచ్చింది. 2024 లో మొబిలైజేషన్ (సైన్యంలోకి తప్పనిసరిగా పిలవడం) వయసు 27 నుంచి 25 కి దించారు, వాడికి ఎలాగూ 27, ఆ ఎండాకాలం వాణ్ణి తీసుకున్నారు. డోటా ఆగిపోయింది. మీవాడికి కూడా ఈ పరిస్థితి వస్తే, ఎక్కడున్నావ్, ఏ యూనిట్, ఏం చేస్తున్నావ్ అని అడగొద్దు, అతను పంపిన ఫొటో ఎక్కడా పెట్టొద్దు, సైన్యం ఎక్కడుందో తెలిసేలా పెట్టడం అక్కడ నేరం, దానివల్ల మనుషులు చస్తారు. ఎవర్నన్నా చంపావా అని మాత్రం జన్మలో అడక్కు. అక్కడ ముందు వరుసలో ఉన్నవాళ్ళు ఇంటికి ఒక "+" గుర్తు పంపుతారు, అంటే బతికే ఉన్నా అని, భార్యలూ అమ్మలూ ఆ ప్లస్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. నేను వాడి దగ్గర ప్లస్ అడగను, అది వాళ్ళమ్మది. నాకు ఎత్తు వస్తది.

ఒక్కోసారి రోజుకి మూడు ఎత్తులు, ఒక్కోసారి రెండు వారాలు ఏమీ ఉండదు. ఏమీ లేనప్పుడు నేను "ఎక్కడున్నావ్" అని పెట్టను, మా ఊరి ఫొటో ఒకటి పెడతా, వర్షమో, కాలవగట్టో, మా వీధి కుక్క కొత్తగా పెట్టిన పిల్లలో, జవాబు అక్కర్లేనివి. వాడు వాటిని చూస్తాడని తెలుసు, ఎందుకంటే ఒకసారి మూడు వారాల తర్వాత వచ్చి "నాలుగో కుక్కపిల్ల ఏమైంది" అని అడిగాడు.

మొన్న ఆదివారం నైట్ డ్యూటీ దిగి బస్ స్టాప్ లో నిలబడి ఉంటే ఫోన్ మోగింది, తొమ్మిది రోజుల తర్వాత. బంటు ఒక గడి ముందుకి. నిద్ర లేకుండా వేసినట్టుంది, ఆ ఎత్తుతో వాడి గుర్రం ఉచితంగా పోతోంది. బస్సు వచ్చేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను, ఆ తర్వాత గుర్రాన్ని తీసేసుకున్నాను. సాయంత్రానికి వాడి నుంచి ఆ పాత తిట్టు వచ్చింది.